రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ: స్టడీ అవర్‌లో కాసేపు పుస్తకం మూయించండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, ముఖ్యంగా ఏ రోజు ఏ పీరియడ్‌లో ఏం జరగాలో రాసే మైక్రో షెడ్యూళ్లు తయారుచేసేవారికి నమస్కారం.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మీ దగ్గర రెండేళ్లు చదివినవాళ్లే ఏటా నా క్లాసులోకి వస్తారు. వాళ్ల ఇంటర్ మెమోలు చూస్తే ముచ్చటేస్తుంది. 1000కి 980 దాటినవాళ్లు కూడా ఉంటారు. అలాంటి పిల్లలు మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) పేపర్లు చేతికి రాగానే బిక్కమొహం వేస్తారు. తెలివి తక్కువై మాత్రం కాదు. ఇక కష్టపడటం అంటారా, ఆ విషయంలో మీ పిల్లలకు వంక పెట్టేవాడు లేడు. వెనక ఇన్‌ఛార్జ్ తిరగకుండా, గోడ మీద షెడ్యూల్ లేకుండా ఒక సబ్జెక్టుని తమంతట తాము ఎలా చదువుకోవాలో వాళ్లకు తెలీదు. రెండేళ్లలో ఆ ముక్క ఎవరూ చెప్పి ఉండరు.

ఫీజుల గురించో, ఔటింగుల గురించో, హాస్టల్ సాంబారు గురించో ఈ ఉత్తరం రాయడం లేదు. మీ కాలేజీల్లో పిల్లల మీద ఒత్తిడి గురించి 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ చూశాయి. ఆ పెద్ద విషయాలు పెద్దవాళ్లు మాట్లాడతారు. నేను అడిగేది చాలా చిన్నది. మీకు పైసా ఖర్చు లేనిది. స్టడీ అవర్‌లో ఏం జరగాలి అన్నదాని గురించి మాత్రమే.

మొన్నటి సెమిస్టర్‌లో ఒకమ్మాయి మిడ్ పేపర్ పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. "మూడుసార్లు చదివాను సార్, అయినా ఎగ్జామ్‌లో ఏం గుర్తురాలేదు" అంది. పుస్తకం చూపించమన్నాను. పేజీలో సగం పసుపు రంగు, పావు గులాబీ రంగు, మిగిలిన చోట పెన్సిల్ గీతలు. గీత పడని లైను వెతుక్కోవాలి. మూడుసార్లు చదివానన్న మాట నిజమే, మూడు రంగులే సాక్ష్యం. సరే, బాగా వచ్చిన పాఠమేదైనా అడుగుదామని, ఇంటర్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి చదివావుగా అన్నాను. మొహం వెలిగిపోయింది. ఎనిమిది మార్కుల ప్రశ్న, మీ దగ్గర చదివినవాళ్లలో అది రానివాళ్లుండరు. తెల్లకాగితం మీద డైమండ్ గీసి, నాలుగు పక్కలా పీ, క్యూ, ఆర్, ఎస్ అనే రెసిస్టెన్సులు పెట్టి, కిర్కాఫ్ నియమాలు రాసి, తడుముకోకుండా బ్యాలెన్స్ కండిషన్ (మధ్యలో కరెంటు చూపే గాల్వనోమీటర్ సున్నా దగ్గర నిలిచే షరతు) దాకా వచ్చేసింది. ఏడాది కిందటి పాఠం. ఒక్క అక్షరం తప్పు లేదు.

నిన్నగాక మొన్న మూడుసార్లు చదివింది గుర్తులేదు, ఏడాది కిందటిది అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఎందుకంటావ్ అని అడిగాను. "అది ఇంపార్టెంట్ కదా సార్" అంది. ఇంపార్టెంట్ అయినంత మాత్రాన బుర్రలో ఉండిపోదు. ఆ ప్రశ్న మీరు ఆమె చేత రోజూ పెట్టే స్లిప్ టెస్టులో రాయించారు, వీకెండ్ టెస్టులో రాయించారు, ప్రీ ఫైనల్‌లో రాయించారు. ప్రతిసారీ పుస్తకం లేకుండా, కొన్నాళ్ల ఎడంతో, తలలోంచి తీయించారు. అందుకే ఉండిపోయింది. కాలేజీ మారాక రాయించేవాళ్లు లేరు. తనకు తెలిసింది చదవడం, మళ్లీ చదవడం, రంగులు పూయడం. మీ దగ్గర తనకు పనికొచ్చిన పద్ధతి ఏదో తనకే తెలీదు. తెలియకుండానే రెండేళ్లు గడిచాయి.

(అదే బొమ్మలో బ్యాటరీని గాల్వనోమీటర్ చోటికి, గాల్వనోమీటర్‌ని బ్యాటరీ చోటికి మార్చి, ఇప్పుడు బ్రిడ్జి బ్యాలెన్స్ అవుతుందా అని కూడా అడిగాను. చాలాసేపు చూసి, "ఇది మెటీరియల్‌లో లేదు సార్" అంది. అవుతుంది. అదే కండిషన్. కాగితాన్ని కాస్త తిప్పి చూస్తే తెలిసిపోతుంది. దీని సంగతి కింద మళ్లీ చెబుతాను.)

ఇప్పుడు మీ స్టడీ అవర్ చూద్దాం. తెల్లవారుజామున ఒకటి, క్లాసుల మధ్య ఒకటి, రాత్రి భోజనం ముందూ వెనకా ఒకటి. పిల్లలంతా వరసల్లో కూర్చుంటారు. ఒళ్లో మెటీరియల్. తల వంచి ఉండాలి, పెదాలు కదులుతుండాలి. పెదాలు ఆగితే ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ వచ్చి వీపు తడతాడు. పుస్తకం మూసి గోడ వంక చూస్తూ గుర్తుచేసుకుంటున్న పిల్లాడు ఆయన కళ్లకి ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తాడు. నిజానికి ఆ హాలు మొత్తంలో అసలు పని చేస్తున్నది వాడొక్కడే కావచ్చు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చి ఏడు నిమిషాలు చదవమన్నారు. తర్వాత కొందరిని అదే పాఠం ఇంకో ఏడు నిమిషాలు చదవమన్నారు. మిగిలినవాళ్ల దగ్గర కాగితం తీసేసుకుని, గుర్తున్నదంతా ఏడు నిమిషాల్లో రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే నెగ్గారు. వాళ్లకి 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 75 శాతం. రెండు రోజుల తర్వాత పరీక్ష రాసిన వాళ్లలో లెక్క తిరగబడింది. చదివినవాళ్లకి 54, రాసినవాళ్లకి 68. వారం తర్వాత చూస్తే 42, 56.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ మొదటి అంకె. ఐదు నిమిషాల దగ్గర చదివినవాళ్లే ముందున్నారు. అందుకే పిల్లలూ మోసపోతారు, మీరూ మోసపోతారు. రాత్రి పదింటికి స్టడీ అవర్ అయ్యేసరికి పిల్లాడికి పాఠం మొత్తం వచ్చేసినట్టే ఉంటుంది. రెండోసారి చదివినప్పుడు లైన్లన్నీ తెలిసినవాళ్లలా పలకరిస్తాయి. ఇన్‌ఛార్జ్ అక్కడికక్కడే ఓ ప్రశ్న అడిగితే టక్కున చెబుతాడు కూడా. వారం తర్వాత అడిగి చూడండి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు కావాల్సింది రెండోది. మీ స్టడీ అవర్లో సాధన చేయించేది మొదటిది.

2013లో డన్లాస్కీ అనే ప్రొఫెసర్, ఇంకొందరు కలిసి పిల్లలు వాడే పది రకాల చదువు పద్ధతుల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని బేరీజు వేశారు. బాగా పనికొచ్చేవి అని రెండింటికే మార్కులు వేశారు. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం ఒకటి, ఒకే పాఠాన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ పట్టుకోవడం రెండోది. అట్టడుగున పడినవాటిలో మన పిల్లలకు ప్రాణమైన రెండూ ఉన్నాయి: మళ్లీ మళ్లీ చదవడం, హైలైటర్‌తో గీతలు గీయడం. హైలైటర్ కొనుక్కోవద్దని నేను అనను, అదో చిన్న సరదా. గీత గీస్తే చదివినట్టే అనుకోవడంతోనే తంటా.

కాబట్టి మొదటి విన్నపం. మూడు గంటల స్టడీ అవర్‌లో ప్రతి గంటకీ చివరి ఇరవై నిమిషాలు పుస్తకాలు మూయించండి. పిల్లల చేతికి రఫ్ కాగితం ఇవ్వండి. ఇప్పటిదాకా చదివిందంతా చూడకుండా రాయమనండి. డెరివేషన్ అయితే డెరివేషన్, కెమిస్ట్రీ అయితే సమీకరణాలు, బోటనీ అయితే బొమ్మ గీసి భాగాలు. ఆఖరి ఐదు నిమిషాలు పుస్తకం తెరిచి, ఎర్ర పెన్నుతో ఎవరి కాగితం వాళ్లే దిద్దుకోవాలి. లెక్చరర్ దిద్దక్కర్లేదు. కాగితాలు తీసుకోనక్కర్లేదు. రాని చోట వాడే ఒక చుక్క పెట్టుకుని, మర్నాడు ఆ చుక్కల దగ్గరే మొదలుపెడతాడు. మొదటివారం పిల్లలు గోల చేస్తారు. చదివిందంతా ఎగిరిపోయింది సార్, మళ్లీ చదవనివ్వండి అంటారు. అప్పుడే పని జరుగుతోందని అర్థం. గుర్తుచేసుకోవడానికి పడే ఆ యాతనే పాఠాన్ని బుర్రలో నిలబెట్టేది. ఇన్‌ఛార్జ్‌కి మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పెదాలు కదలకపోయినా ఫర్వాలేదు, చెయ్యి కదిలితే చాలని.

రెండో విషయం స్లిప్ టెస్టు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మీ దగ్గర బంగారం ఉంది, దాన్ని మీరే పాడుచేసుకుంటున్నారు. ఇన్ని టెస్టులు పెట్టే అలవాటు చాలా డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో లేదు. మా దగ్గరైతే సెమిస్టర్‌కి రెండు మిడ్‌లు, అంతే. మిడ్ ముందు రోజు రాత్రి కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు కిటకిటలాడుతుంది, ఇంపార్టెంట్ క్వశ్చన్ల కాగితం చేతులు మారుతుంది. ఆ సంగతి ఇంకో ఉత్తరం. మీ దగ్గర రోజూ టెస్టే. పిల్లాడికి అది మేలు చేయాలి. చాలామందికి చేయడం లేదు, ఎందుకంటే టెస్టు అయిన గంటలో మార్కుల లిస్టు గోడెక్కుతుంది. సాయంత్రానికల్లా అమ్మానాన్నల ఫోన్లకి మెసేజ్ వెళుతుంది. నెలాఖరుకి ఆ మార్కులు కూడి సెక్షన్ మారుస్తారు. పై సెక్షన్ నుంచి కింద సెక్షన్‌కి పరుపు, పెట్టె మోసుకుని నడిచిన పిల్లాడికి టెస్టు అంటే ఏం గుర్తొస్తుందో మీరే ఆలోచించండి.

అప్పుడు వాడేం చేస్తాడు? టెస్టుకి గంట ముందు దాకా చదివి, వేడివేడిగా వెళ్లి రాసేసి, గేటు దాటగానే మర్చిపోతాడు. ఐదు నిమిషాల దగ్గర 81 శాతం అన్నానే, ఆ ఆట ఆడటం మొదలుపెడతాడు. కొందరు చిట్టీలు కూడా పెడతారు. మార్కు వచ్చింది, పాఠం మిగల్లేదు. తప్పు రాసిన ప్రశ్న దగ్గరికి మళ్లీ వెళ్లి చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. తప్పు కనిపిస్తే సిగ్గు తప్ప ఇంకేం రాదని అలవాటైపోయాక ఎవరు చూస్తారు?

2023లో విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలని అందులో ఉంది. ఆ కేసు మన తెలుగు నేలదే. కోర్టు ఆ మాట పిల్లల మానసిక ఆరోగ్యం కోసం చెప్పింది. ఉత్త చదువు లెక్కల్లో చూసినా అదే సబబు అని నా వాదన. సెక్షన్ భయం లేని టెస్టులోనే పిల్లాడు తనకు ఏం రాదో ధైర్యంగా చూసుకోగలడు.

అందుకని వీకెండ్ టెస్టు, గ్రాండ్ టెస్టు మీ ఇష్టం, మార్కులు వేసుకోండి. స్లిప్ టెస్టుకి మాత్రం మార్కులు ఎక్కడా రాసుకోకండి. రిజిస్టర్‌లో వద్దు, గోడ మీద వద్దు, మెసేజ్ అసలే వద్దు. పది నిమిషాలు, ఐదు ప్రశ్నలు, పక్కవాడితో కాగితం మార్చుకోకుండా ఎవరిది వాళ్లే దిద్దుకోవడం. టెస్టు ఉందని ముందే చెప్పడం కూడా మానేయండి. ముందే చెబితే మళ్లీ గంట ముందు చదువే.

ఆ ఐదు ప్రశ్నల్లో ఏముండాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఇప్పుడు మీ స్లిప్ టెస్టులో నిన్నటి పాఠం ఉంటుంది, వీకెండ్ టెస్టులో ఈ వారం పాఠం ఉంటుంది. జూన్‌లో చెప్పిన చాప్టర్ మళ్లీ పేపర్ మీద కనిపించేది ఏ క్వార్టర్లీకో, డిసెంబర్ రివిజన్‌కో. ఈలోపల అది మాసిపోతుంది. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్క కట్టుకుని 1885లోనే పుస్తకం వేశాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో చాలా వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మాసిపోబోతున్న సమయానికి మళ్లీ ఒకసారి గుర్తుచేసుకుంటే ఈసారి ఎక్కువ కాలం ఉంటుంది. మరి ఎన్నాళ్ల ఎడం ఉండాలి? 2008లో సెపీడా, ఆయన సహచరులు వెయ్యి మందికి పైగా మీద చూసి చెప్పింది ఏమిటంటే, ఎంత కాలం గుర్తుండాలో దాన్ని బట్టే ఎడం పెరుగుతుంది. వారం తర్వాత పరీక్షకైతే ఒక రోజు ఎడం చాలు. ఏడాది దాకా నిలవాలంటే మూడు వారాల చుట్టుపక్కల ఎడం కావాలి.

మైక్రో షెడ్యూల్ తయారుచేసేవారికి ఇది చిటికెలో పని. మీ దగ్గర ఏ రోజు ఏ పీరియడ్‌లో ఏ లెక్క చెబుతారో కూడా ముందే రాసి ఉంటుంది. స్లిప్ టెస్టులో నిన్నటివి రెండు ప్రశ్నలు, మూడు వారాల కిందటివి రెండు, జూన్, జులైలది ఒకటి. అంతే మార్పు. కొత్తగా పీరియడ్ అక్కర్లేదు. ఇలా నడిపితే జనవరి, ఫిబ్రవరిలో రివిజన్ పేరుతో మొదటినుంచి మళ్లీ పాఠాలు చెప్పే అవసరం సగానికి తగ్గుతుందని నా నమ్మకం.

ఇప్పుడు బ్యాటరీ, గాల్వనోమీటర్ సంగతి, అంటే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోయే సంగతి. ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్‌లో ఇంటిగ్రేషన్ తీసుకోండి. సబ్‌స్టిట్యూషన్ అని హెడ్డింగ్ పెట్టి దాని కింద నలభై లెక్కలు, బై పార్ట్స్ అని పెట్టి ఇంకో నలభై, పార్షియల్ ఫ్రాక్షన్స్ అని ఇంకొన్ని. పిల్లాడు మొదటి రెండు లెక్కలు ఆలోచించి చేస్తాడు. మిగతావి చేతివాటం. ఏ పద్ధతి వాడాలో హెడ్డింగే చెప్పేసింది కదా. జేఈఈ పేపర్‌లో హెడ్డింగ్ ఉండదు. లెక్క చూసి ఏ తలుపు తట్టాలో తేల్చుకోవడమే అక్కడ సగం పని, ఆ సగాన్ని మనం ఎప్పుడూ సాధన చేయించలేదు. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో కాలేజీ విద్యార్థుల చేత నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలు చేయించారు. కొందరికి ఒక రకం అయ్యాక ఇంకో రకం, కొందరికి అన్నీ కలగలిపి. సాధన చేసేటప్పుడు వరసగా చేసినవాళ్లకి 89 శాతం సరైనవి వచ్చాయి, కలగలిపి చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్షలో వరసగా చేసినవాళ్లకి వచ్చింది 20 శాతం. కలగలిపి చేసినవాళ్లకి 63.

ఇక్కడా అదే కిటుకు. సాధన చేస్తున్న రోజున బాగా కనిపించే పద్ధతి పరీక్ష రోజున చేతులెత్తేస్తుంది. మీ మెటీరియల్ అచ్చువేసేటప్పుడు ప్రతి చాప్టర్ చివర ఒక్క పేజీ, పాత చాప్టర్ల లెక్కలు హెడ్డింగ్ లేకుండా కలిపి ఇవ్వండి. బొమ్మలు కూడా ఒకే వైపు నుంచి కాకుండా అటూ ఇటూ తిప్పి వేయండి. పుస్తకం ధర ఒక్క కాగితం పెరుగుతుంది.

నిద్ర గురించి ఎక్కువ రాయను, మీరు వినీ వినీ ఉన్నారు. పగలు నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుంది. రాత్రి పదకొండుకి పడుకోబెట్టి తెల్లవారుజామున నాలుగున్నరకి బెల్లు కొడితే, ముందురోజు చదివించిన దాంట్లోంచే మీరు కోసేసుకుంటున్నారు. మొదటి స్టడీ అవర్‌లో కూర్చునే తూగుతున్న పిల్లల్ని నించోబెట్టి చదివించే బదులు ఆ గంట పడుకోనిస్తేనే లాభం.

మీరు ఏమంటారో నాకు తెలుసు. "మాస్టారూ, మా పద్ధతిలో మార్కులు రావడం లేదా? స్టేట్ ర్యాంకులు చూడలేదా?" చూశాను. నిజం చెప్పాలంటే ఇంటర్ బోర్డు పరీక్ష వరకు మీ పద్ధతి పనిచేస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన ఫిజిక్స్ పేపర్ 60 మార్కులకు రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు, ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. ఏ చాప్టర్ నుంచి ఏదొస్తుందో మీ లెక్చరర్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ప్రశ్న మారకుండా వచ్చేచోట బట్టీ గెలుస్తుంది, అందులో వింతేం లేదు. అయితే దానికి మీ పిల్లలు రోజుకి పద్నాలుగు గంటలు పెడుతున్నారు. ఆ వీట్‌స్టన్ బ్రిడ్జి అమ్మాయికి ఆ ప్రశ్న వచ్చింది పద్నాలుగు గంటలు చదివినందుకు కాదు, టెస్టుల్లో పదేపదే రాసినందుకు. మిగతా గంటలు ఎక్కడికి పోయాయో లెక్క చూసుకోమంటున్నాను.

ఇంకో మాట కూడా అంటారు, అది మరీ నిజం. తల్లిదండ్రులు ఒప్పుకోరని. ఆదివారం నాడు ఊరినుంచి సద్దిమూట కట్టుకుని వచ్చిన నాన్నకి కొడుకు పుస్తకం మీద వంగి కనిపించాలి. పిల్లలు పుస్తకం మూసుకుని కూర్చున్నారంటే, ఇంత ఫీజు కట్టింది ఇందుకా అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. కానీ అడ్మిషన్ల సీజన్‌లో ఇంటింటికీ తిరిగి ఎన్ని విషయాలు చెప్పి ఒప్పిస్తారో నాకు తెలుసు. మీ పీఆర్వోలకు ఇదొక లెక్కా? పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్క పావుగంట పెట్టి, పైన చెప్పిన సెయింట్ లూయిస్ ప్రయోగం ఆ తల్లిదండ్రుల మీదే చేయండి. సగం మందికి ఒక పేరా రెండుసార్లు చదవనివ్వండి, సగం మందికి ఒకసారి చదివించి చూడకుండా రాయించండి. వచ్చే మీటింగ్‌లో అడగండి. ఉపన్యాసం అక్కర్లేదు.

అన్ని క్యాంపసుల్లో రేపే మార్చేయమని నేను అడగడం లేదు. ఒక క్యాంపస్, ఒక సెక్షన్, ఒక సబ్జెక్టు. దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి దాకా. ఒక సెక్షన్‌లో ఇప్పటిలాగే నడపండి, అదే స్థాయి ఉన్న ఇంకో సెక్షన్‌లో గంటకి ఇరవై నిమిషాలు పుస్తకం మూయించి, మార్కుల్లేని స్లిప్ టెస్టు పెట్టండి. లెక్చరర్ ఒకరే అయితే మరీ మంచిది. సంక్రాంతి సెలవుల నుంచి పిల్లలు తిరిగొచ్చిన రోజున, చెప్పాపెట్టకుండా రెండు సెక్షన్లకీ ఒకే పేపర్ ఇవ్వండి. దసరా తర్వాత జరిగిన పాఠాల నుంచే, కానీ మెటీరియల్‌లో ఉన్న ప్రశ్నలు సగం, ఉన్నవాటిని తిప్పి అడిగినవి సగం. ఏ సెక్షన్ ఎవరిదో దిద్దేవాళ్లకి చెప్పకండి.

ఫిజిక్స్ అయితే ఆ పేపర్ నేను తయారుచేసి పంపుతాను. దిద్దడానికి మనిషి లేకపోతే వచ్చి దిద్దుతాను కూడా. టీఏ అక్కర్లేదు, ఒక పూట మెస్ భోజనం పెట్టండి చాలు, సాంబారు సంగతి అప్పుడు చూద్దాం.

ఇట్లు,
మీ పిల్లలకే ఫస్టియర్ ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరర్